బ్యాటరీతో వేడెక్కే ఆ గ్లవ్స్ కొనకండి, ముఖ్యంగా చేతిలో రైఫిల్ పట్టుకునేవాళ్లు

నిన్న సాయంత్రం షూటింగ్ రేంజ్ నుంచి వచ్చాక నా వేళ్లు మామూలు కావడానికి అరగంట పట్టింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. ఆ కోపంలోనే రాస్తున్నాను, ముందుది వెనక, వెనకది ముందు అయితే సర్దుకుని చదవండి.

ఏ సెల్లర్ గురించి అంటున్నానో చలికాలంలో బయట షూటింగ్ చేసేవాళ్లలో చాలామందికి ఈపాటికి అర్థమై ఉంటుంది. మంచులో బయాథ్లాన్ (స్కీయింగ్, రైఫిల్ షూటింగ్ కలిసిన ఆట) షూటర్ ఫోటో, పక్కన నిప్పులా ఎర్రగా మెరిసే గ్లవ్ బొమ్మ, కింద పెద్ద అక్షరాలతో ‘6 గంటల వెచ్చదనం’. చూపుడువేలి చివర మూతలా వెనక్కి మడిచే రకం. పేరు రాయను, డబ్బు వాపసు గొడవ ఇంకా నడుస్తోంది. రెండు జతలు తీసుకున్నాను, నాకొకటి, మా తమ్ముడికొకటి. రివ్యూలు చదివాను, తెలిసినవాళ్లను అడిగాను, వచ్చిన రోజే ఆన్ చేసి చూసుకున్నాను. ఇంట్లో, గదిలో, సోఫాలో కూర్చుని చూశాను. చక్కగా వేడెక్కాయి. చలికోసం కొన్న వస్తువుని వెచ్చటి గదిలో పరీక్ష చేసి సంతోషపడ్డాను చూడండి, ఆ తప్పు నాదే. రాత్రంతా అదే గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

నిన్న రేంజ్‌లో మైనస్ 5 డిగ్రీలు. గాలి గంటకు 20 కిలోమీటర్లు. ఆ రెండూ కలిస్తే బయట పెట్టిన చర్మానికి మైనస్ 12 దగ్గర ఉన్నట్టే. ఇద్దరం పక్కపక్క లేన్లలో ఉన్నాం. నేను పడుకుని షూట్ చేస్తున్నాను, తమ్ముడు స్కోప్‌లో నా టార్గెట్ చూసి చెబుతున్నాడు. మొదటి అరగంట నిజంగా బాగుంది. సుమారు 40 నిమిషాలకి ఎడమ గ్లవ్ లైట్ మూడుసార్లు ఎర్రగా కొట్టుకుని ఆరిపోయింది. బటన్ నొక్కితే వెలుగుతుంది, రెండు సెకన్లలో మళ్లీ ఆరిపోతుంది. ఇంకో పది నిమిషాలకి కుడిదీ పోయింది.

అప్పుడే లేచి రావాల్సింది. ఇంకో పది రౌండ్లే కదా, గ్రూప్ బాగా వస్తోంది, గుళ్లన్నీ దగ్గర దగ్గరగా పడుతున్నాయి కదా అని అక్కడే ఉండిపోయాను.

ఆ తర్వాత జరిగిందే ఈ పోస్ట్ రాయడానికి కారణం. బోల్ట్ మూశాను, అంటే రైఫిల్ పేలడానికి సిద్ధంగా ఉంది. ఇంకా గురి చూడలేదు, కళ్లు స్కోప్ దగ్గరికి కూడా తేలేదు. నా చూపుడువేలు ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) బయట, స్టాక్ (రైఫిల్ పిడి భాగం) మీద ఉందనే అనుకుంటున్నాను. చల్లగా, గట్టిగా ఏదో తగులుతున్నట్టుంది, స్టాకే అనుకున్నాను. పక్కనుంచి మా వాడు "అక్కా, వేలు! వేలు బయటికి!" అని అరిచాడు. వాడి మాట పూర్తయ్యేలోపే రైఫిల్ పేలింది. టార్గెట్‌కి చాలా ముందు నేల మీద మంచు ఇంతెత్తు లేచింది. ఎవరికీ ఏమీ కాలేదు, బ్యారెల్ రేంజ్ వైపే ఉంది. రేంజ్ ఆఫీసర్ ఫైరింగ్ మొత్తం ఆపించి, నా రైఫిల్ ఖాళీ చేయించి, నన్ను లోపలికి పంపాడు. ఆయన ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. నా గ్లవ్ తీయించి, వేలి చివర తన గోరుతో నొక్కి "తెలుస్తోందా?" అని అడిగాడు. నాకు తెలియలేదు. వేలు మైనంలా తెల్లగా ఉంది.

ఇదేమీ వింత కాదు. చలి పట్టగానే శరీరం గుండెని, ఊపిరితిత్తుల్ని కాపాడుకోవడానికి ముందుగా చేతులకీ కాళ్లకీ రక్తం తగ్గిస్తుంది. చేతి చర్మం 15 డిగ్రీల కిందికి దిగేసరికి వేళ్ల చురుకుదనం తగ్గుతుంది, 8 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి స్పర్శ దాదాపు పోతుంది. నడిచేవాడికి, పని చేసేవాడికి ఒంట్లో వేడి పుడుతూ ఉంటుంది. మనం కదలకుండా పడుకునే ఉంటాం, కదలకపోవడమే మన పని. అందుకే ఆ బయాథ్లాన్ ఫోటో చూస్తే ఇప్పుడు ఒళ్లు మండుతోంది. వాళ్లు పల్చటి గ్లవ్స్‌తో షూట్ చేయగలుగుతున్నారంటే కిలోమీటర్ల కొద్దీ స్కీయింగ్ చేసి చెమటతో రేంజ్‌లోకి వస్తారు కాబట్టి. వాళ్ల రూల్స్‌లో కూడా ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని నొక్కడానికి కావాల్సిన బలం, కనీసం 500 గ్రాములు ఉండాలి, మైనస్ 20 కన్నా చలి ఉంటే పోటీ మొదలుపెట్టరు. నా ట్రిగ్గర్ అంతకన్నా చాలా తేలిక. మొద్దుబారిన వేలికి ఆ ట్రిగ్గర్ ఎంత ప్రమాదమో నిన్న కళ్లారా చూశాను.

ఇంటికొచ్చాక బ్యాటరీలు బయటికి తీశాను. స్టిక్కర్ మీద 7.4 వోల్ట్, 5000 ఎంఏహెచ్ (బ్యాటరీలో పట్టే ఛార్జ్ కొలత) అని ఉంది. ఒక మూల కొంచెం లేచి ఉంటే గోరుతో లాగాను. కింద ఇంకో స్టిక్కర్! సన్నటి అక్షరాలతో 1800 ఎంఏహెచ్. తమ్ముడి బ్యాటరీలు కూడా లాగి చూశాం, నాలుగిటికీ అంతే. పైది కొత్తగా, నిగనిగలాడుతూ ఉంది, కిందిది కాస్త పసుపు పట్టి ఉంది. దాని మీద నా వేలు పెట్టి ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో నాకే తెలియదు.

లెక్క వేసి చూడండి. 5000 అయితే ఆ వోల్టేజీకి 37 వాట్-అవర్లు, అంటే 37 వాట్ల పరికరం గంటసేపు నడిచేంత శక్తి. గ్లవ్ ఒక్కోటి ఎక్కువ వేడిలో 8 వాట్లు తింటుందని వాళ్ల పేజీలోనే రాశారు. అంటే వాళ్లు చెప్పినదంతా నిజమే అనుకున్నా నాలుగున్నర గంటలు, ఆరు గంటలు ఎక్కడిది? ఇక 1800 అంటే 13 వాట్-అవర్లు, వెచ్చటి గదిలో గంటా నలభై నిమిషాలు. చలిలో లిథియం బ్యాటరీకి లోపలి నిరోధం పెరుగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, ఛార్జ్ మిగిలి ఉన్నా లోపలి సర్క్యూట్ కట్ చేసేస్తుంది. పైగా వీళ్లు బ్యాటరీని మణికట్టు బయటివైపు, గాలి కొట్టే చోట పెట్టారు. ఇంటికొచ్చాక అవే బ్యాటరీలు గది వేడికి కోలుకుని మళ్లీ పావుగంట వెలిగాయి. అంటే మనం వెచ్చగా ఉన్నప్పుడు పనిచేస్తాయి, చలి పుట్టినప్పుడు ఆగిపోతాయి.

ఇప్పుడు సెల్లర్‌తో జరిగిన చాట్. ఫోటోలు పంపాను, రెండు స్టిక్కర్లూ కనిపించేలా వీడియో తీసి పంపాను. మొదట్లో మేడమ్, మేడమ్ అంటూ మర్యాదగానే మాట్లాడాడు. వీడియో చూశాక ఇరవై నిమిషాలు జవాబు లేదు. తర్వాత ఇలా వచ్చింది: "బ్యాటరీలో లోపం లేదు. మీరు గడ్డకట్టే చలిలో వాడారు. వారంటీ కార్డ్ వెనక చూడండి." తీసి చూశాను. చీమ తలంత అక్షరాలు, ఫోన్‌తో పెద్దది చేసి చదవాల్సి వచ్చింది. ‘వాడదగిన ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలు.’

మంచులో మనిషి ఫోటో పెట్టి అమ్మారు. మంచులో వాడితే వారంటీ లేదంటున్నారు. నేను ఆ లైన్ మూడుసార్లు చదివాను.

డబ్బు సంగతి పక్కన పెట్టి, నిన్న రేంజ్‌లో ఏం జరిగిందో రాశాను. వేలికి స్పర్శ పోయి రైఫిల్ పేలిందని, ఇంకొకరికి ఇలా జరగకముందే ఆ ఫోటో, ఆ ఆరు గంటల మాట తీసేయమని అడిగాను. బతిమాలుకున్నానంటే కూడా తప్పు లేదు. దానికి వచ్చిన జవాబు: "తుపాకీ పట్టుకోవడం రానివాళ్లకి మేము బాధ్యులం కాము." మేడమ్ లేదు, ‘అండి’ లేదు. వెంటనే చాట్ మూసేశాడు. మళ్లీ తెరిస్తే ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని చూపిస్తోంది.

నా తప్పు నేను ఒప్పుకున్నాను. గ్లవ్ ఆరిపోగానే రైఫిల్ ఖాళీ చేసి లేవకపోవడం నా తప్పే, ఆ మాట రేంజ్ ఆఫీసర్‌కి కూడా చెప్పాను. కానీ స్టిక్కర్ మీద స్టిక్కర్ అతికించినవాడికి నన్ను ఆ మాట అనే హక్కు లేదు. పన్నెండేళ్లుగా షూట్ చేస్తున్నాను, ఇలా ఒక్కసారి కూడా జరగలేదు. మా తమ్ముడికి షూటింగ్ నేర్పింది నేనే. వాడి ముందు ఇలా జరిగింది, అదింకా మింగుడు పడటం లేదు. దారంతా వాడు ఏమీ అనలేదు. ఇంటికి రాగానే నా రెండు చేతులూ తన చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

వీళ్ల దగ్గరే కొన్న మెరినో ఉన్ని బనీను కూడా ఇవాళ తిప్పి చూశాను. లోపలి కుట్టులో దాచినట్టున్న లేబుల్ మీద సగానికి పైగా కాటన్ అని ఉంది. కాటన్ చెమట పీల్చుకుని తడిగా ఒంటికి అంటుకుపోతుంది, కదలకుండా పడుకున్నప్పుడు ఆ తడి ఉన్న వేడినంతా లాగేస్తుంది. నిన్న వీపు అంత చల్లగా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది.

ఇప్పటికే కొన్నవాళ్లు, కొనాలనుకుంటున్నవాళ్లు ఒకటి రెండు పనులు చేయండి. ముందు బ్యాటరీని వంటింటి వేయింగ్ మెషీన్ మీద పెట్టండి. మనకు మార్కెట్లో దొరికే మంచి లిథియం బ్యాటరీల్లో కూడా కిలోకి సుమారు 250 వాట్-అవర్లే పడతాయి, కాబట్టి 37 వాట్-అవర్ల ప్యాక్ 150 గ్రాములకి తక్కువ తూగితే నమ్మకండి. బయట చలిలో, బాల్కనీలోనో పెరట్లోనో, రైఫిల్ లేకుండా గంట పెట్టుకుని చూడండి. చలిలోంచి తెచ్చిన బ్యాటరీని వెంటనే ఛార్జింగ్‌కి పెట్టకండి, సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లోపల లిథియం పేరుకుని బ్యాటరీ పాడవుతుంది, ప్రమాదం కూడా. గది వేడికి వచ్చాకే పెట్టండి.

బ్యాటరీ గ్లవ్స్ ఏ కంపెనీవైనా సరే, ఇనుప పొడి హీట్ ప్యాకెట్లు ఒక జత జేబులో ఉండాలి. వాటికి గాలి తగిలితేనే వేడి పుడుతుంది, బిగుతు బూటులో పెట్టి పనిచేయలేదని పారేయకండి. చర్మానికి నేరుగా ఆనించొద్దు, 44 డిగ్రీల వేడి కూడా ఆరు గంటలు ఒకేచోట తగిలితే చర్మం కాలుతుంది. పడుకునేచోట మందపాటి ఫోమ్ మ్యాట్ వేసుకోండి, నేల లాగేసే వేడిని ఏ గ్లవ్ తిరిగివ్వదు. ప్రతి సిరీస్‌కి (వరసగా కాల్చే రౌండ్లకి) ముందు బొటనవేలితో అదే చేతి చిటికెనవేలిని తాకి చూడండి. తాకలేకపోతే, తాకినా తెలియకపోతే రైఫిల్ ఖాళీ చేసి లోపలికి వెళ్లిపోండి. గ్రూప్ ఎంత బాగా వస్తున్నా సరే.

ఇదే జత మీ దగ్గర ఉంటే స్టిక్కర్ మూల లేపి చూసి, బ్యాటరీ బరువు ఎంతుందో చెప్పండి. ఫిర్యాదుకి జతచేస్తాను. నావి రెండూ 82 గ్రాములు, తమ్ముడివి 81, 83.