స్టెంట్ వేసి చేతులు దులుపుకోలేదు

నాన్నకు గుండెపోటు వస్తే గుంటూరులోని ఈ ఆసుపత్రికే తెచ్చాం. రాగానే ఈసీజీ తీశారు, ఆస్పిరిన్ నమిలించారు, డబ్బు కట్టే కౌంటర్ దగ్గర మమ్మల్ని నిలబెట్టకుండా ముందు ఆయన్ని గుండె నాళాల్లో అడ్డు తొలగించే క్యాథ్ ల్యాబ్‌లోకి తీసుకెళ్లిపోయారు. ఆసుపత్రికి చేరిన 90 నిమిషాల్లోపు మూసుకుపోయిన రక్తనాళం తెరవాలంటారు, ఇక్కడ ఆలోపే తెరిచి స్టెంట్ (నాళం మళ్లీ మూసుకుపోకుండా లోపల పెట్టే చిన్న జాలీ గొట్టం) వేశారు.

అయితే అసలు చెప్పాల్సింది ఆ తర్వాత వాళ్లు చూసుకున్న తీరు గురించి. బ్లాక్ తీసేశారంటే గండం గడిచినట్టే అనుకుంటాం కదా, కానీ అప్పటిదాకా రక్తం అందని కండరానికి ఒక్కసారిగా రక్తం తిరిగొస్తే ఆ తాకిడికే కొన్ని కణాలు దెబ్బతింటాయి, లోపలికి కాల్షియం ఎక్కువగా చేరుతుంది, వాపు వస్తుంది. పెద్ద నాళం బాగానే తెరుచుకున్నా రక్తపు గడ్డ తునకలు కిందికి కొట్టుకుపోయి సన్న నాళాల్లో ఇరుక్కుంటే కండరం దాకా రక్తం చేరదు. డ్యూటీ డాక్టరమ్మ యాంజియో వీడియో చూపిస్తూ ఇదంతా ఓపిగ్గా చెప్పారు.

ఆ రాత్రి మానిటర్‌ మీద గీతలు ఉన్నట్టుండి వెడల్పుగా మారేసరికి మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నర్సమ్మ వెంటనే బీపీ చూసి డాక్టర్ని పిలిచింది. నాళం తెరుచుకున్నాక కొందరికి గుండె లయ ఇలా మారుతుందని, చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుందని చెప్పి, సర్దుకునేదాకా మంచం పక్కనే ఉన్నారు. ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీన్) బాగా పెరిగిందని రిపోర్టు చూసి మళ్లీ టెన్షన్ పడ్డాం. రక్తం పారడం మొదలైతే దెబ్బతిన్న కణాల్లో ఉన్నది ఒక్కసారిగా బయటికొస్తుంది, అందుకే అలా పెరుగుతుందట.

నచ్చనిది డిశ్చార్జి. స్టెంట్ లోహం కదా, దాని మీద ప్లేట్‌లెట్లు చేరి మళ్లీ గడ్డ కట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు టికాగ్రెలార్ అనే మాత్ర మామూలుగా ఏడాది వాడాలి. పన్ను పీకించుకోవాల్సి వచ్చినా కార్డియాలజిస్టుని అడగకుండా ఆపకూడదు. చిగుళ్ల నుంచి రక్తం రావచ్చు, కొందరికి ఆయాసంగా కూడా ఉంటుంది, అది చూసి భయపడి సొంతంగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, ఫార్మసీలో కవర్ చేతిలో పెట్టి 'ఇది పొద్దున, ఇది రెండు పూటలా' అని పంపేశారు, మళ్లీ పైకెళ్లి డాక్టరమ్మని అడిగితే గానీ తెలియలేదు. పల్లెల నుంచి వచ్చేవాళ్లు అలా వెళ్లి అడగలేరండీ, దయచేసి ఇవన్నీ తెలుగులో ఒక కాగితం మీద అచ్చేసి ఇవ్వండి.

నాలుగు స్టార్లు. ఐసీయూ వాళ్లకైతే ఐదు.