ఇరకం దీవి క్యాసెట్లు పదకొండు: నెల్లూరులో డిజిటల్ చేయించుకున్న అనుభవం

పాత క్యాసెట్లు ఇంట్లో పెట్టుకుని, ఎవరికివ్వాలో తెలీక ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నా. కొంచెం పొడుగైంది. నేను ఈ షాపులో ఇచ్చినవి సినిమా పాటలు కావు, మనుషుల మాటలు, అందుకని ఏం జరిగిందో మొత్తం చెప్పాలనిపించింది.

మా నాయన 1980ల్లో పులికాట్ సరస్సు మధ్యలో ఉన్న ఇరకం దీవిలో టీచరు. ఇరకం, వేనాడు, తడ ఇవన్నీ 2022లో జిల్లాలు మార్చినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయాయి, కానీ ఆయన ఉద్యోగం చేసిందీ, ఈ క్యాసెట్లు నిండిందీ నెల్లూరు జిల్లాలోనే. గాలి ఎక్కువై పడవలు ఆగిన సాయంత్రాలు ఇంటికి రాలేక అక్కడే ఉండిపోయేవాడు. ఆ రాత్రుల్లో అరుగు మీద టేప్ రికార్డరు పెట్టుకుని ముసలోళ్లని కదిలించేవాడు. శ్రీహరికోట అడవిలో కట్టెలు కొట్టి, పడవలకెత్తి, బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసుకి పంపిన రోజులు, సూళ్లూరుపేట నుంచి సరస్సు మీదుగా రోడ్డు పడకముందు రాకపోకలు, 1984 నవంబరు తుపాను, రాయదొరువు దగ్గర సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం ఇసకతో పూడిపోతే రొయ్య ఎట్లా తగ్గిందో, అన్నీ ఉన్నాయి వాటిలో. 1969లో రాకెట్ కేంద్రానికని శ్రీహరికోటని ఎంపిక చేశాక అక్కడి ఊళ్లు ఖాళీ అయ్యాయి కదా, అట్లా లేచి వచ్చిన ఒక యానాది తాత మాటలు రెండు క్యాసెట్ల నిండా ఉన్నాయి. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్, రోహిణి-125, ఎగిరిందని మనం జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ నేల మీద అంతకుముందు ఎవరి ఇల్లు ఎక్కడుండేదో, ఏ చెట్టు కింద ఏ దేవర ఉండేదో నాకు తెలిసింది ఈ క్యాసెట్ల వల్లే.

నాయన పోయి నాలుగేళ్లయింది. ట్రంకు పెట్టెలో ఇవి బయటపడేసరికి రెండు క్యాసెట్లలో టేపు మీద తెల్లగా బూజు కనిపించింది. పాత టేప్ రికార్డరులో వేసి చూద్దామని మా తమ్ముడన్నాడు, నేను వద్దన్నా. ఇప్పటికీ ఆ ఒక్క మాట గట్టిగా అన్నందుకు సంతోషపడుతున్నా, ఎందుకో కింద చెప్తా.

షాపు నెల్లూరులో మద్రాసు బస్టాండు దగ్గర సందులో, మేడ మీద. బోర్డు చిన్నది, కింద నుంచి కనపడదు, మెట్లు ఇరుకు. ఓనరు ఒకప్పుడు టేప్ రికార్డర్లు రిపేరు చేసిన మనిషి. నేను పదకొండు క్యాసెట్లు బల్ల మీద పోస్తే ఆయన ముందు రేటు చెప్పలేదు, "ఎవరి గొంతులమ్మా ఇవి?" అని అడిగాడు. చెప్పాక ఒక్కో క్యాసెట్ వెనక్కి తిప్పి, పైన ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు విరిచి ఉన్నాయా లేదా చూశాడు. విరగనివాటిని అప్పటికప్పుడు విరిచేశాడు. అవి ఉంటే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాతది చెరిగిపోతుందట. నా కళ్ల ముందే ఆ పని చేశాకే నాకు ధైర్యం వచ్చింది.

తర్వాత ఒక క్యాసెట్ స్క్రూలు అయిదూ విప్పి లోపల చూపించాడు. టేపుని హెడ్‌కి, అంటే ప్లేయర్లో టేపు మీది శబ్దాన్ని చదివే భాగానికి, అదిమి పట్టడానికి ఒక చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది, వేలి గోరంత కూడా ఉండదు, జిగురు ఎండి అది ఊడిపోయి ఓ మూలన పడుంది. అది లేకుండా ఆడిస్తే గొంతు లోతు బావిలోంచి వచ్చినట్టు వస్తుంది, మనం టేపే పోయిందనుకుంటాం. బూజు పట్టినవాటిని మామూలు ప్లేయర్లో వేస్తే బూజు హెడ్‌కి అంటుకుని మిగతా క్యాసెట్లకి కూడా ఎక్కుతుందని, పైగా బిగుసుకున్న టేపు తెగొచ్చని చెప్పాడు. మా తమ్ముడిని ఆపింది ఇందుకే. మూడు క్యాసెట్లకి పాత డొక్కు, అంటే బయటి ప్లాస్టిక్ పెట్టె, తీసేసి టేపుని కొత్త డొక్కులోకి మార్చాడు.

ఇంకొక విషయం నేను దగ్గర కూర్చుని విన్నా. మొదట ప్లే చేసినప్పుడు ఒక అవ్వ మాట మొద్దుగా, నోట్లో గుడ్డ పెట్టుకున్నట్టు వచ్చింది. ఆయన సన్న స్క్రూడ్రైవరుతో హెడ్ పక్కన స్క్రూని కొద్దికొద్దిగా తిప్పుతూ వచ్చాడు, పావు చుట్టు కూడా తిప్పలేదు. ఒక్కసారిగా "స", "శ" విడివిడిగా వినపడ్డాయి. రికార్డు చేసిన మిషన్ హెడ్ ఏ కోణంలో ఉందో ప్లే చేసేది కూడా అదే కోణంలో ఉండాలట, ప్రతి క్యాసెట్‌కీ ఇది విడిగా సరిచేయాలట. ఈ పని చేయకుండా కంప్యూటరుకి ఎక్కించేస్తే తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా ఆ స్పష్టత తిరిగి రాదన్నాడు. వేరే చోట క్యాసెట్‌కి 100 రూపాయలకే చేస్తామన్నారు. అక్కడ ఇంత ఓపిక ఉంటుందని నేననుకోను.

ఫైళ్లు రెండు రకాలుగా ఇచ్చాడు. ఒకటి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు, ఏమీ తీయకుండా, ఏమీ కలపకుండా. గంటకి దాదాపు 1 జీబీ వస్తుంది, దాచుకోవడానికి అదే అసలు కాపీ. రెండోది ఫోనులో పంపుకోవడానికి చిన్న ఎంపీ3. వెనక వచ్చే సొద తీసేయమని నేనే అడిగా. ఒక అయిదు నిమిషాలు తీసి వినిపించాడు. గొంతు బాగా తేలింది, కానీ పడవ గోడకి నీళ్లు కొట్టుకునే చప్పుడు, దూరంగా ఎవరో ఎవరినో కేకేయడం, నాయన మధ్యలో "ఊఁ" కొట్టడం అన్నీ మాయమైపోయాయి. ఆ "ఊఁ" కోసం వద్దన్నా. ఆయన కూడా, "నేనైతే తియ్యనమ్మా, మీరడిగారని చూపించా" అన్నాడు.

ఇక బాగోలేనివి. పది రోజులన్నాడు, అయిదు వారాలు పట్టింది, మధ్యలో నేనే నాలుగుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది, ప్రతిసారీ టెన్షన్. ఒక్క మెసేజ్ పెట్టుంటే సరిపోయేది.

దానికంటే పెద్దది, టైపింగ్. ఎక్స్‌ట్రా డబ్బులిస్తే మాటలన్నీ టైపు చేసి ఇస్తామంటే ఒక క్యాసెట్‌కి ఒప్పుకున్నా. ఎవరు చేశారో గానీ, అవ్వ "యాడుండాది" అంటే "ఎక్కడ ఉన్నది" అని కొట్టారు, "పోతా ఉండాం" అంటే "వెళ్తున్నాము" అని. చదివితే ఎవరో టీవీలో వార్తలు చెప్తున్నట్టుంది, మనిషి లేదు. ఇరకం తమిళనాడు పక్కనే కదా, మాటల్లో తమిళం కలుస్తూ ఉంటుంది, అదంతా చుక్కలు పెట్టి వదిలేశారు. ఒకచోట ఆమె "మాకు ఆ పూట పాడు వచ్చింది" అంటుంది. పాడు అంటే సరస్సులో వల వేసే చోట్లకి ఊరంతా వంతులు పంచుకునే పద్ధతి, పులికాట్‌లో తమిళనాడు వైపు పల్లెల్లో ఇప్పటికీ ఆ మాట ఉంది. టైపు చేసినవాళ్లు దాన్ని "ఆ పూట పాడైపోయింది" అని దిద్దారు. తమ వంతు వచ్చిందని ఆమె సంతోషంగా చెప్పిన మాట, కాగితం మీదికొచ్చేసరికి నష్టం జరిగినట్టయింది. ఓనరుకి చూపిస్తే వాదించలేదు, టైపింగ్ డబ్బులు వెనక్కిచ్చాడు. ఇప్పుడు నేనే రోజుకి పది నిమిషాల చొప్పున విని, వాళ్లు పలికినట్టే రాస్తున్నా. మీరెవరైనా ఇట్లాంటివి ఇస్తే ఆడియో వరకే ఇవ్వండి, రాయడం ఆ యాస తెలిసినవాళ్ల చేత చేయించండి.

ఒక క్యాసెట్ మీద మా ఇంట్లోవాళ్లే ఎప్పుడో రేడియో పాటలు ఎక్కించేశారు. దాని మీద నాయన చేతిరాతతో "వేనాడు దర్గా, ఉరుసు" అని ఉంది. కింద ఉన్నది వెనక్కి వస్తుందా అని రెండుసార్లు అడిగా. రాదు, చెరిపాకే కొత్తది ఎక్కుతుంది అని చెప్పి దానికి డబ్బులు తీసుకోలేదు. చివర్లో పాటలైపోయాక మిగిలిన నిమిషంన్నర మాటలు మాత్రం విడిగా ఒక ఫైలు చేసిచ్చాడు. మామూలు క్యాసెట్‌కి 350, డొక్కు మార్చినవాటికి 600, మొత్తం 4,250 రూపాయలైంది.

ఫైళ్లు చేతికొచ్చాక భీములవారిపాళెంలో పడవెక్కి ఇరకం పోయా. ఆ గొంతులు మాకంటే ముందు వాళ్లవి, వాళ్లకి ఇవ్వకుండా నా దగ్గర పెట్టుకుంటే తప్పనిపించింది. నలుగురి ఇళ్లు దొరికాయి. పాడు గురించి చెప్పిన అవ్వ కూతురికి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఫోను చెవి దగ్గర పెట్టుకుని వింటూ, వల చిక్కు తీస్తున్న చెయ్యి ఆపకుండానే, "మా అమ్మే, మా అమ్మ ఇట్టనే దగ్గేది" అంది. మాటల్ని కాదు, ముందు ఆ దగ్గుని గుర్తుపట్టింది. పూర్తిగా విన్నాక, ఊళ్లో ఇద్దరి మధ్య గొడవ గురించి అమ్మ చెప్పిన ముక్క ఒకటి ఎవరికీ వినిపించొద్దంది. సరేనన్నా. అందరికీ ఇచ్చే కాపీలో ఆ ముక్క లేకుండా షాపాయన చేత కట్ చేయించా, దానికి ఆయనేమీ తీసుకోలేదు.

పోవాలనుకునేవాళ్లకి: పొద్దున పదకొండు తర్వాత పోండి, అంతకుముందు షట్టరు తెరవరు. పెన్ డ్రైవ్ మీరే తీసుకుపోండి, 32 జీబీది పెద్ద ఫైళ్లన్నిటికీ సరిపోయింది. ప్రతి క్యాసెట్ మీద ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నది మీకు తెలిసినంత చీటీ రాసి అంటించండి, ఫైలు పేరు ఆయన అదే పెడతాడు. కొరియర్లో పంపకండి, చేతిలో పట్టుకుపోండి.

నేను అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా, తీసింది టైపింగ్‌కీ ఆలస్యానికీ. ఇరకంలో నేను పడవెక్కబోతుంటే ఆ కూతురు ఇంట్లోకి పోయి లుంగీ గుడ్డలో చుట్టిన మూడు క్యాసెట్లు తెచ్చి ఇచ్చింది, వాళ్ల ఆయన రికార్డు చేసినవట, అందులో ఏముందో ఆమెకీ తెలీదు. సోమవారం అవి పట్టుకుని మళ్లీ ఆ మెట్లెక్కుతున్నా.