మెరీనాలో సాయంత్రం సైకిల్ యాత్రకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

చెన్నై వచ్చే మనవాళ్లకు, ఇక్కడే ఉంటున్న మనవాళ్లకు ఒక హెచ్చరిక. మెరీనా తీరం వెంబడి గైడుతో సాయంత్రం సైకిల్ యాత్ర అంటూ ఫోన్లలో ఒక ప్రకటన తిరుగుతోంది. దాన్ని నమ్మి జనవరి చివరి వారంలో మేము నలుగురం వెళ్లాం. మా అక్క ఎడమ మణికట్టుకు ఇప్పుడు పిండికట్టు ఉంది. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి ప్రకటనలు వేరే పేర్లతోనూ వస్తున్నాయి కాబట్టి, పేరు కంటే పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం.

అక్క, బావగారు, పన్నెండేళ్ల మేనకోడలు తెనాలి నుంచి వచ్చారు. అక్క హైస్కూలుకు రోజూ సైకిలు మీద వెళ్లివచ్చేది. పెళ్లయ్యాక సైకిలు ముట్టుకోలేదు. "ఒక్కసారి సముద్రం పక్కన తొక్కాలని ఉందిరా" అని రెండేళ్లుగా అంటోంది. అందుకే ఈ ప్రకటన కనబడగానే ఆలోచించకుండా కట్టేశాను. తలకు 950 రూపాయలు, నలుగురికి 3,800. సాయంత్రం 5 నుంచి 8 వరకు, పన్నెండు కిలోమీటర్లు. సైకిలుకు ముందూ వెనుకా దీపాలు, హెల్మెట్, మంచినీళ్ల సీసా, తెలుగులో వివరించే గైడు ఉంటాయన్నారు. లైట్‌హౌస్ పైనుంచి రాత్రి నగరాన్ని చూపిస్తామన్నారు. తెలుగువారి చరిత్రకు సంబంధించిన చోట్లకూ తీసుకెళతామన్నారు. పైన పెద్ద ఫోటో: సముద్రంలోకి దిగుతున్న ఎర్రటి సూర్యుడు, నీళ్ల అంచున వరుసగా సైకిళ్లు.

ఆ ఫోటో దగ్గరే నేను ఆగాల్సింది. పదకొండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. చెన్నైకి సముద్రం తూర్పున ఉంది. ఇక్కడ సూర్యుడు పొద్దున సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం ఊరి మేడల వెనక్కి దిగిపోతాడు. మెరీనాలో సాయంత్రం పూట నీళ్ల మీద చూడవలసింది ఏదైనా ఉంటే అది పౌర్ణమి నాటి చంద్రోదయం. ఆ ఫోటో పడమటి తీరంలో ఎక్కడో తీసినది. దాన్ని పెట్టిన మనిషి మెరీనా ఇసుకలో ఒక్క సాయంత్రమైనా నిలబడి ఉండడు. మీరు చూసే ప్రకటనలో కూడా చెన్నై సముద్రంలో సూర్యుడు అస్తమిస్తుంటే అక్కడితో వదిలేయండి.

డబ్బు సంస్థ ఖాతాకు కాదు, ఒక వ్యక్తి ఫోను నంబరుకు పంపమన్నారు. రసీదు అడిగితే "అక్కడ ఇస్తారు సార్" అన్నారు. గైడు పేరు అడిగితే "అక్కడ పరిచయం చేస్తారు" అన్నారు. రెండుసార్లూ సరే అన్నాను.

ఆ రోజు 5 గంటలకల్లా లైట్‌హౌస్ ముందు నిలబడ్డాం. ఎవరూ లేరు. ఫోను చేస్తే "దారిలో ఉన్నారు". అలా ఎదురుచూస్తున్నంతసేపూ మేనకోడలికి నాకు తెలిసిన సంగతులు చెబుతూ కాలక్షేపం చేయించాను. 1639లో ఇంగ్లీషువారికి ఈ తీరంలో చోటు ఇచ్చినది దామర్ల వెంకటాద్రి నాయకుడని, ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం అనే పేరు వచ్చిందని చెబుతారని అంటే, "అయితే ఇది మన పేరేనా మామయ్యా" అని ఎంతో సంబరపడింది. గైడు చెప్పవలసిన మాటలు అవి.

6 కావస్తుండగా ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. తాడుతో కట్టిన ఏడు సైకిళ్లు, వాటి పక్కన ఒక కాలేజీ కుర్రాడు, సైకిళ్ల దుకాణం మనిషి ఒకరు. అప్పటికే వెలుతురు పోతోంది. లైట్‌హౌస్‌లోకి సందర్శకులను చీకటి పడకముందే ఆపేస్తారు. కాబట్టి పైనుంచి రాత్రి నగరాన్ని చూపిస్తామన్నది మొదటి నుంచీ జరగని మాటే.

సైకిళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రమాదమంతా అక్కడే ఉంది. నాలుగింటిలో ఒక్కదానికీ దీపం లేదు. రెండింటికి దీపం బిగించే క్లిప్పు మాత్రం ఉంది, దీపం లేదు. వెనుక ఎర్ర రిఫ్లెక్టరు ఒక్కదానికే ఉంది. మేనకోడలికి పిల్లల సైకిలు రాలేదు. పెద్ద సైకిలు సీటు చివరిదాకా దించినా పాప కాలి మునివేళ్లు నేలకు అందలేదు. అక్కకు ఇచ్చినదాని వెనుక బ్రేకు నేను పట్టి చూశాను. లివరు వచ్చి హ్యాండిల్‌కు తాకింది గాని చక్రం ఆగలేదు. వంగి చూస్తే బ్రేకు రబ్బరు అరిగి రేకు బయటికి వచ్చి ఉంది. "ముందు బ్రేకు బాగుంది సార్, అది చాలు" అన్నాడు దుకాణం మనిషి. హెల్మెట్లకు విడిగా 50 చొప్పున తీసుకున్నారు. నాకు ఇచ్చినదానికి బకిల్ విరిగిపోతే పట్టీని ముడివేసి ఉంచారు.

హామీగా బావగారి ఆధార్ కార్డు అడిగి తీసుకున్నారు. అసలు కార్డే, నకలు కాదు.

అక్కడే ఆపేసి ఇంటికి వచ్చేయాల్సింది. డబ్బు కట్టేశాం, పాప గంటసేపు ఎదురుచూసింది, అక్క అప్పటికే సీటు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. మనసు ఒప్పక బయలుదేరాం. చాలామంది ఇలాగే బయలుదేరతారు. ఈ ప్రకటనల వాళ్లు నమ్ముకునేది కూడా దాన్నే.

మొదటి అరగంట బాగుందని చెప్పకపోతే అబద్ధం అవుతుంది. ఇసుక పక్కన లోపలి రోడ్డు మీద గాలి ఎదురుగా కొడుతుంటే, శనగల సుండల్ బళ్ల మీద దీపాలు, బెలూన్లు పేల్చే అంగళ్లు దాటుకుంటూ వెళ్లాం. అక్క ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంది. అయితే గైడు ఎక్కడా ఆగలేదు. ఐస్‌హౌస్ దగ్గర నేనే పిలిచి ఆపించాను. 1842లో అమెరికా నుంచి ఓడల్లో వచ్చే మంచుగడ్డలు దాచడానికి కట్టిన భవనం అది, 1897లో వివేకానందుడు అక్కడ తొమ్మిది రోజులు ఉన్నాడు. శ్రామికుల విగ్రహం దగ్గర మేనకోడలు "ఇది ఎవరిది" అని అడిగింది. నలుగురు మనుషులు బండరాయిని కదిలిస్తున్న ఆ శిల్పం దేవీప్రసాద్ రాయ్ చౌదరి చేసినది, 1959 నుంచి అక్కడ ఉంది. కుర్రాడు ఇబ్బందిగా చూసి, నిజం చెప్పేశాడు. మధ్యాహ్నం స్నేహితుడు ఫోను చేస్తే వచ్చాడట. సాయంత్రానికి 300 ఇస్తామన్నారట. ఈ దారిలో మనుషులను తీసుకెళ్లడం ఇదే మొదటిసారి. తెలుగు రాదు. మైలాపూరులో పొట్టి శ్రీరాములుగారి స్మారక భవనం ఎప్పుడు చూపిస్తారని బావగారు అడిగితే, ఆ పేరే వినలేదన్నాడు. 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ఆయన ప్రాణం విడిచిన ఇల్లు అది. బావగారు ఈ యాత్రకు ఒప్పుకున్నదే అది చూడాలని.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతనికి ఎవరూ ఏమీ నేర్పలేదు. చేతిలో ప్రథమ చికిత్స పెట్టె లేదు, ఏదైనా జరిగితే ఎవరికి ఫోను చేయాలో చెప్పలేదు.

నేపియర్ వంతెన దాకా వెళ్లకుండానే, దుకాణం 8కి మూసేస్తారని వెనక్కి తిప్పారు. లైట్‌హౌస్ దాటి లూప్ రోడ్డులోకి వచ్చాం. ఒకవైపు చేపల అంగళ్లు, ఒకవైపు వాహనాలు. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక తారు మీద అక్కడక్కడా పలచగా పరుచుకుని ఉంటుంది. పగలైతే కనిపిస్తుంది. రాత్రి, అందులోనూ దీపం లేని సైకిలుకు, కనిపించదు. గైడు మేనకోడలిని కనిపెట్టుకుని చాలా ముందుకు వెళ్లిపోయాడు. వెనుక కాపలాగా ఎవరూ లేరు. ఒక స్కూటరు వెనుక నుంచి వచ్చి, మేము దగ్గరపడేదాకా కనిపించక, గట్టిగా హారను కొట్టి పక్కకు తప్పించాడు. అక్క ఉలిక్కిపడి రెండు బ్రేకులూ పట్టింది. వెనుకది పట్టలేదు, ముందుది ఒక్కసారిగా పట్టేసింది. ఇసుక మీద ముందు చక్రం జారి, ఎడమ చెయ్యి కింద పడేలా పడిపోయింది.

ముందుగా పరిగెత్తుకొచ్చింది చేపలమ్మే ఒక పెద్దావిడ. చేపల మీద కప్పిన మంచుముక్కలు ఒక తువ్వాలులో మూటకట్టి, అక్క మణికట్టు తన ఒడిలో పెట్టుకుని అదిమి పట్టుకుంది. "కదలకమ్మా" అని అరవంలో మళ్లీ మళ్లీ చెప్పింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ సాయంత్రం మాకు సాయం అంటూ దొరికింది ఆవిడ దగ్గరే.

గైడు ఫోను చేస్తే దుకాణం మనిషి ఆటోలో వచ్చాడు. వచ్చి అక్క చేతిని కాదు, సైకిలు చక్రాన్ని చూశాడు. రిమ్ము వంకర పోయింది, 2,500 కట్టాలన్నాడు. కట్టేదాకా ఆధార్ ఇవ్వనన్నాడు. మణికట్టు కళ్ల ముందే వాస్తోంది. మేనకోడలు ఏడుస్తోంది. బేరమాడి 1,500 నగదు ఇచ్చి కార్డు తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. దానికీ రసీదు లేదు. ఎక్స్‌రేలో ఎముక సన్నగా చిట్లిందని తేలింది.

మర్నాడు ప్రకటనలోని నంబరుకు ఫోను చేస్తే వచ్చిన జవాబు విని నాకు విషయం పూర్తిగా అర్థమైంది. "మేము బుకింగ్ మాత్రమే చేస్తాం, యాత్ర దుకాణం వాళ్లది" అన్నారు. దుకాణానికి వెళ్తే, "మాకు సైకిలుకు 250 వస్తుంది, అద్దె వరకే మా పని" అన్నారు. లెక్క వేయండి. మేము కట్టిన 3,800లో సైకిళ్లకు 1,000, కుర్రాడికి 300. మిగతా 2,500 ఆ సాయంత్రం రోడ్డు మీదికే రాని మనిషి దగ్గర ఉండిపోయాయి. దీపం పెట్టించాల్సింది ఎవరు, బ్రేకు రబ్బరు మార్చాల్సింది ఎవరు, పడితే చూసుకోవాల్సింది ఎవరు అని అడిగితే ఇద్దరూ మరొకరి పేరు చెప్పారు.

అందుకే డబ్బు కట్టే ముందు ఒకటే ప్రశ్న గట్టిగా అడగండి: ఆ రోజు మాతో సైకిలు తొక్కే మనిషి ఎవరు, ఆయన నంబరు ఇవ్వండి అని. ముందురోజే ఆయనతో మీరే తెలుగులో మాట్లాడండి. నంబరు ఇవ్వకపోతే కట్టకండి. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ముందు ఒకరు, వెనుక ఒకరు వస్తారా అని అడగండి. మొత్తం ముందే కట్టమంటే సగమే కడతామనండి. అసలు ఆధార్ ఎవరి చేతికీ ఇవ్వకండి. తప్పనిసరైతే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ నకలు ఇవ్వండి, లేదా కొంత డబ్బు హామీగా ఉంచి రాయించుకోండి.

సైకిలు చేతికి రాగానే ఎక్కకండి. వెనుక బ్రేకు గట్టిగా పట్టి సైకిలును ముందుకు తోయండి. వెనుక చక్రం దొర్లకుండా ఈడ్చుకుపోవాలి. చక్రం తిరిగితే ఆ సైకిలు వద్దు. సీటు మీద కూర్చుంటే కనీసం మునివేళ్లు నేలకు ఆనాలి. ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం వెలిగించి చూపించమనండి. ఎక్కే ముందు చక్రాలు, బ్రేకులు కనిపించేలా ఫోనులో ఫోటోలు తీసుకోండి. మేము తీసి ఉంటే ఆ 1,500 ఇవ్వాల్సిన పని ఉండేది కాదు.

ఇంకొక సూచన: మెరీనాలో సైకిలు తొక్కాలని నిజంగా ఉంటే సాయంత్రం కాకుండా తెల్లవారుజామున వెళ్లండి. వాహనాలు తక్కువ, సూర్యుడు సముద్రంలోంచి లేవడం నిజంగానే కనిపిస్తుంది.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ఊరుకోకండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపం ఉన్న సేవకు డబ్బు బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు లేకపోతే 30 రోజుల్లోగా వెనక్కి ఇవ్వకపోవడం కూడా అదే కిందికి వస్తుంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు. ఫిర్యాదు కోసం చెన్నై రానక్కర్లేదు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. ఈ సంగతి పర్యాటకులుగా వచ్చి వెళ్లిపోయేవాళ్లకు చాలామందికి తెలియదు, "ఇంత దూరం నుంచి ఏం చేస్తాం" అని వదిలేస్తారు.

నేను 1915లో ఫిర్యాదు చేశాను, ఇంకా పరిష్కారం రాలేదు. ఆ కుర్రాడు మర్నాడే ఫోను చేసి అక్క ఎలా ఉందని అడిగాడు. తనకు ఇచ్చిన డబ్బు, తనకు చెప్పిన మాటలు రాసి ఇస్తానన్నాడు. ఊరికి బయలుదేరే ముందు అక్క కట్టుతోనే ఆటో ఎక్కి, బావగారిని రాయపేట హైరోడ్డులోని పొట్టి శ్రీరాములుగారి భవనానికి తీసుకెళ్లి చూపించింది.

ఇదే ప్రకటనకు, ఇదే తీరంలో డబ్బు కట్టి ఇబ్బంది పడినవాళ్లు మీలో ఉంటే, తేదీ, కట్టిన మొత్తం, చెల్లింపు వివరాల ఫోటో దాచి ఉంచి నాకు తెలియజేయండి. నా ఫిర్యాదుకు జత చేస్తాను.