విల్లు లామినేషన్‌కు ఫైబర్‌గ్లాస్ పట్టీలు కొనేవారికి హెచ్చరిక

సొంతంగా లామినేటెడ్ విల్లు (చెక్క పొరలకు రెండు వైపులా ఫైబర్‌గ్లాస్ పట్టీలు అతికించి చేసేది) తయారు చేసుకోవాలని ఫైబర్‌గ్లాస్ పట్టీలు వెతుకుతున్న హైదరాబాద్ మిత్రులు డబ్బు చెల్లించే ముందు దయచేసి ఇది చదవండి. రాణిగంజ్‌లోని ఒక దుకాణంలో, విల్లుల కోసమే తెప్పించినవనీ, పీచంతా నిలువుగానే ఉంటుందనీ నమ్మబలికి నాకు నల్లని పట్టీలు అమ్మారు. అవి నిజానికి విద్యుత్ పరికరాల్లో ఇన్సులేషన్‌కు వాడే ఎఫ్‌ఆర్-4 షీటు నుంచి కోసిన ముక్కలు.

విల్లును లాగినప్పుడు లక్ష్యం వైపున్న ముఖం సాగుతుంది, మన వైపున్న ముఖం నొక్కుకుంటుంది. మధ్యలోని చెక్క పొరలకన్నా ఈ రెండు బయటి పొరల మీదే ఎక్కువ ఒత్తిడి పడుతుంది కాబట్టి, వాటిలోని గాజు పీచు చేతిపట్టు నుంచి కొన దాకా ఒకే దిశలో సాగాలి. ఎఫ్‌ఆర్-4 అలా కాదు, అది నేసిన గాజుగుడ్డతో చేసే షీటు. అందులో పేకగా అడ్డంగా పోయిన పీచు విల్లుకు దాదాపు అక్కరకు రాదు, పడుగు పోగులు కూడా పేక మీదుగా, కిందుగా అలల్లా వంగి ఉండటం వల్ల నొక్కుడుకు త్వరగా లొంగిపోతాయి.

నా విల్లుకు జరిగింది అదే. టిల్లరింగ్ చేస్తూ, అంటే విల్లు రెండు వైపులా సమానంగా వంగేలా సరిచేస్తూ, నారిని కొద్దికొద్దిగా లాగుతుండగా, పూర్తి 28 అంగుళాలకు చాలా ముందే, చేతిపట్టు ముగిసి లింబు (విల్లులో వంగే భాగం) పలుచబడే చోట టప్‌మని చప్పుడైంది, నల్లని పట్టీ మీద అడ్డంగా తెల్లని గీత పడింది. తప్పు నా జిగురుదేనని దుకాణదారు వాదించారు. జిగురు లోపమైతే పొరలు ఒకదాని నుంచి ఒకటి విడిపోవాలి. ఇక్కడ పట్టీ చెక్కకు గట్టిగా అంటుకునే ఉంది, తెగింది మాత్రం పట్టీయే. నేను ఆ మాట చెబుతుండగానే ఆయన వెనుక గోడకు ఆనించి ఉన్న అదే నల్లని పూర్తి షీటు, దాని మూలన ఎఫ్‌ఆర్-4 అన్న ముద్ర కనిపించాయి. అయినా అమ్మిన సరుకు వెనక్కి తీసుకునేది లేదన్నారు.

నలుపు రంగు నేతను పూర్తిగా కప్పేస్తుంది కాబట్టి పైచూపుకు తేడా తెలియదు. ఒక ముక్క అడిగి తీసుకుని, నీళ్లు చల్లి, 220 నంబరు ఎమెరీ కాగితంతో పైపొర పోయేదాకా రుద్ది, భూతద్దంతో చూడండి. చిన్న చిన్న గళ్లు కనిపిస్తే అది నేత షీటు. అసలైన యూనిడైరెక్షనల్ (పీచంతా ఒకే దిశలో ఉన్న) పట్టీలో నిలువు గీతలే కనిపిస్తాయి, వెడల్పు దిశలో వంచితే అది సులువుగా నిలువునా చీలిపోతుంది. మాస్కు తప్పనిసరి, ఆ గాజు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కాల్చి చూడమని కొందరు సలహా ఇస్తారు, ఎఫ్‌ఆర్-4లో సాధారణంగా మంటను అడ్డుకునే బ్రోమిన్ రసాయనాలు ఉంటాయి, ఆ పొగ హానికరం కాబట్టి ఆ పని చేయకండి.

నాకిచ్చిన బిల్లులో కేవలం ‘ఫైబర్ షీట్’ అని ఉంది. మీరు మాత్రం ‘యూనిడైరెక్షనల్’ అని రాయించుకోనిదే కొనకండి. ఇచ్చిన సరుకు బిల్లులో రాసినది కాదని తేలితే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసేటప్పుడు ఆ ఒక్క పదమే మీకు బలమైన ఆధారం.

ఇప్పటికే ఇలాంటి నల్లని పట్టీలు అతికించి విల్లు చేసుకున్నవారు, పట్టీల రకం తేలేదాకా దాన్ని చేత్తో లాగకండి, పిల్లల చేతికి అసలే ఇవ్వకండి. లాగి చూడక తప్పకపోతే విల్లును టిల్లర్ కొయ్యకు బిగించి, నారికి తాడు కట్టి, కప్పీ మీదుగా దూరం నుంచే లాగండి, రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవడం మరవకండి.