కొరమీనుకి నల్ల కప్పా, తెల్ల కప్పా?

అమెరికాలో బాస్ చేపకి ఎరగా వాడే, నీటిపైన తేలే రబ్బరు కప్పలే మన కొరమీనుకీ పనికొస్తాయి. తిరుపతి చుట్టుపక్కల చెరువుల్లో గాలం వేసేటప్పుడు నా పెట్టెలో రెండే ఉంటాయి: ఒకటి నల్లది, ఒకటి తెల్లది. (చెరువుని వేలంపాటలో పాడుకున్నవాళ్లని అడిగాకే వేస్తాను.)

చేప కింద నుంచి పైకి చూస్తుంది. ఆకాశం వెలుతురుకి అడ్డుగా నల్ల కప్ప ఆకారం దానికి బాగా ఆనుతుంది. అందుకే తెల్లవారుజామున, మబ్బు పట్టినప్పుడు, వానకి నీళ్లు ఎర్రగా తిరిగినప్పుడు నల్లదే నమ్ముతాను.

తెల్లదాని బలం వేరు. అది మన కంటికి కనిపిస్తుంది. గుర్రపుడెక్క ఆకుల మధ్య నల్ల కప్ప ఎక్కడుందో కాసేపటికే తెలియదు. చూపు చెదురుతుంది, చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. సరిగ్గా అప్పుడే టప్‌మని శబ్దం! కంగారులో లాగేస్తాం, ఉత్త కప్ప ఎగిరొచ్చి కాళ్ల దగ్గర పడుతుంది. కొరమీను దాన్ని నోట కరుచుకుని మునిగేదాకా ఒకటి రెండు క్షణాలు ఆగాలి. అలా ఆగగలిగేది కప్ప మీదే కన్ను ఉన్నవాడు. మధ్యాహ్నం ఎండలో, తేట నీళ్లలో తెల్లది చాలు.

మొత్తం మీద నా ఓటు నల్లదానికే, కానీ దాని వీపు మీద తెల్ల నెయిల్ పాలిష్‌తో శనగగింజంత చుక్క పెడతాను. కింద ఉన్న చేపకి ఆ చుక్క కనపడదు, గట్టున ఉన్న నాకు కనపడుతుంది.

నీటిపైన ఎర్రటి కొరమీను పిల్లల గుంపు కదులుతుంటే మాత్రం ఏ కప్పా వేయను. వాటి కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి.