మోకాలి ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా? మారతహళ్ళిలో చూపించుకున్నాం

బెంగళూరు మారతహళ్ళిలో రింగ్ రోడ్డు పక్క సందులో ఉన్న ఈ చిన్న ఆర్థో క్లినిక్‌కి నాలుగు స్టార్లు. టోకెన్ మీద రాసిన టైముకీ లోపలికి పిలిచే టైముకీ ఏ సంబంధమూ ఉండదు, అందుకే ఒకటి కోశాను.

అంతకుముందు ఒక పెద్ద ఆసుపత్రిలో అమ్మ ఎక్స్‌రే చూడగానే గుజ్జు మొత్తం అరిగిపోయింది, గ్రేడ్ 4 (అంటే అరుగుదలలో ఆఖరి దశ), రెండు మోకాళ్లూ ఒకేసారి మార్చేద్దాం, నెలాఖరులోపు చేరితే ప్యాకేజీ తగ్గుతుంది అన్నారు. ఆపరేషనా, ఆషాఢం సేలా?

ఇక్కడి డాక్టరు గారు తెలుగాయనే. ఎక్స్‌రే పక్కన పెట్టి, "అమ్మా, రాత్రిళ్లు నొప్పికి మెలకువ వస్తోందా? మెట్లు ఎలా దిగుతున్నారు? ఏ పనులు మానేశారు?" అని అడిగారు. ఎక్స్‌రేలో ఎంత అరుగుదల కనిపిస్తే అంత నొప్పి ఉండాలని లేదట. మందులు వాడి, బరువు తగ్గి, తొడ కండరాలకు వ్యాయామం సరిగ్గా చేశాక కూడా నిద్ర పట్టక, రోజువారీ పనులు ఆగిపోతుంటే అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచించాలన్నారు. కిలో బరువు తగ్గితే వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని ఆయన అనేసరికి అమ్మ రాత్రి అన్నం మానేసింది (నేను చెబితే ఎప్పుడు విన్నది కనుక).

అలాగని నెట్టుకుంటూ పోవడమూ మంచిది కాదు. మోకాలు బాగా బిగుసుకుపోయేదాకా ఆగితే ఆపరేషన్ తర్వాత కూడా అది పెద్దగా వంగకపోవచ్చు, మరీ చిన్న వయసులో చేయించుకుంటే బతికుండగానే రెండోసారి మార్చాల్సి వచ్చే అవకాశం ఎక్కువ. షుగరు ముందే అదుపులోకి రావాలి. ఈలోపు ఎవరో చెప్పారని మోకాల్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే ఇన్ఫెక్షన్ భయంతో ఆపరేషన్‌ను మూడు నెలలు వాయిదా వేయాల్సి వస్తుంది, ఇది మాకు ఇంకెవరూ చెప్పలేదు.

డబ్బు సంగతి కూడా విడమరిచి చెప్పారు. మోకాలి ఇంప్లాంట్ల (లోపల అమర్చే కృత్రిమ కీళ్ల) ధరలకు కేంద్రం 2017 ఆగస్టులోనే పరిమితి పెట్టింది కాబట్టి బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా చూపించమని అడగాలి. చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో ఈ ఆపరేషన్‌కి 2 ఏళ్ల వెయిటింగ్ ఉంటుంది, అంటే అప్పటిదాకా క్లెయిమ్ ఇవ్వరు, కొత్త పాలసీ అయితే ముందు అది చూసుకోండి.

అమ్మకి ప్రస్తుతానికి కుడి మోకాలు ఒక్కటే, అదీ షుగరు తగ్గాక. ఎడమదానికి ఫిజియో నడుస్తోంది. క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మెట్లెక్కలేని వాళ్లుంటే ముందే ఫోన్ చేయండి, కింద గదిలోకి వచ్చి చూస్తారు.