రోజుకి పన్నెండు నిమిషాల స-త-న-మ

మా అత్తయ్యగారికి మతిమరుపు జబ్బు మొదలై మూడేళ్లయింది. సాయంత్రం ఐదు దాటితే చాలు, "మీ మామయ్యగారు ఇంకా రాలేదేం అమ్మాయ్?" అని అడగడం మొదలుపెడతారు. మామయ్యగారు పోయి తొమ్మిదేళ్లు. పడుకునేలోపు ఆ మాట నలభైసార్లైనా వినాలి. ముప్పయ్యోసారికి నా గొంతు లేచేది. తర్వాత బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చేదాన్ని.

ఆ టెన్షన్ తట్టుకోలేకే అమెరికాలోని ఫ్రిస్కోలో మా ఇంటి దగ్గర ఒక చిన్న స్టూడియోలో కుండలినీ యోగా క్లాసులో చేరాను. ఎనిమిది శనివారాలు, గంటన్నర చొప్పున, క్లాసుకి 20 డాలర్లు. అంతసేపూ అత్తయ్యగారి దగ్గర మావారు ఉండేవారు.

ఆసనాలు నేర్చుకుందామని వెళ్తే ఇది ఆ క్లాసు కాదు. చేతులు జోడించి "ఓంగ్ నమో గురు దేవ్ నమో" అని మూడుసార్లు అనడంతో మొదలు. ఓం కాదు, ఓంగ్. ముక్కు వెనకాల గంట మోగినట్టు పలకాలి. తర్వాత కూర్చునే నడుము ముందుకీ వెనక్కీ ఆడిస్తూ శ్వాస, ఆ రోజు క్రియ (శ్వాస, కదలికలు కలిపి చేసే సాధన), పెద్ద కంచు గాంగ్ మోగుతుంటే శవాసనం, చివర్లో ధ్యానం. మంత్రాలు ఎక్కువగా గురుముఖిలో (పంజాబీ రాసే లిపి) ఉన్నవే. నామజపం మనకి కొత్త కాదు కాబట్టి రెండో వారానికే నోరు తిరిగింది.

అగ్నిశ్వాస దగ్గర మాత్రం నాకు ఇబ్బందైంది. కపాలభాతిలో వదలడానికే బలం పెడతాం, ఇందులో పీల్చడం, వదలడం రెండూ సమానంగా, వేగంగా సాగాలి. నాకు బీపీ ఉంది. చేరేటప్పుడు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండు నిమిషాలకే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. అప్పుడు టీచరు నెమ్మదిగా, దీర్ఘంగా శ్వాస తీసుకోమన్నారు. ఇది మొదటిరోజే అడిగి తెలుసుకోవాల్సిన విషయం. బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు టీచరు అడిగేదాకా ఆగకండి, మీరే చెప్పండి.

ఇంకో సంగతి. ఈ పద్ధతిని అమెరికాలో వ్యాప్తి చేసింది యోగి భజన్. 1968లో ఢిల్లీ నుంచి ముందు కెనడా, ఆ తర్వాత లాస్ ఏంజెలెస్ వెళ్లారు. 2004లో పోయారు. ఆయన మీద ఆడవాళ్లు చేసిన లైంగిక వేధింపుల ఆరోపణలు చాలావరకు నిజమై ఉండే అవకాశమే ఎక్కువని 2020లో ఆయన సంస్థలే వేయించిన విచారణలో తేలింది. క్లాసులో ఈ మాటే రాలేదు, నేనే చదివి తెలుసుకున్నాను. మానేద్దామా అని రెండు రోజులు మథనపడ్డాను. శ్వాస, నామం ఆయన సొత్తు కావు అనిపించి వెళ్లాను. గోడ మీద ఆయన ఫొటోకి మాత్రం దండం పెట్టలేదు.

నన్ను నిలబెట్టింది కీర్తన్ క్రియ. "సత్ నామ్" అన్న మాటని విడదీసి స, త, న, మ అంటూ బొటనవేలిని వరసగా చూపుడు, మధ్య, ఉంగరం, చిటికెన వేళ్ల కొసలకి ఆనించాలి. రెండు నిమిషాలు పైకి, రెండు గుసగుసగా, నాలుగు మనసులో, మళ్లీ రెండు గుసగుసగా, రెండు పైకి. మొత్తం 12 నిమిషాలు. యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయం) వాళ్లు మతిమరుపు ఉన్నవాళ్లని ఇంట్లో చూసుకునే 39 మందితో ఒక చిన్న అధ్యయనం చేశారు. 23 మంది ఎనిమిది వారాలు రోజూ ఈ క్రియ చేశారు, మిగతావాళ్లు ప్రశాంతమైన సంగీతం విన్నారు. క్రియ చేసినవాళ్లలోనే దిగులు ఎక్కువ తగ్గింది. నాలాంటివాళ్ల గురించే అది.

ఇప్పుడు ఆ ప్రశ్న వచ్చినప్పుడు కొంగు చాటున నా వేళ్లు వాటంతటవే కదులుతాయి. నాలుగు అక్షరాలు అయ్యాక, "దారిలో ఉన్నారత్తయ్యా, కాఫీ తాగుతారా?" అంటాను. గొంతు లేవడం లేదు.

ఎనిమిది క్లాసులయ్యాక నెలవారీ మెంబర్‌షిప్ తీసుకోలేదు, ఇంట్లోనే చేసుకుంటున్నాను. పద్ధతి పట్టుబడడానికి టీచరు ఎదురుగా ఉండాలి, ఆ డబ్బు దండగ కాదు.

పోయిన మంగళవారం హాల్లో కూర్చుని పైకి అంటుంటే అత్తయ్యగారు వచ్చి పక్కన కూర్చున్నారు. కాసేపు నా చెయ్యి చూసి, బొటనవేలు పట్టుకుని చూపుడువేలి మధ్య కణుపు మీద పెట్టారు.

"కొసల మీద కాదమ్మాయ్, జపం కణుపుల మీద లెక్కపెట్టాలి" అన్నారు.